తాళం గుర్తు ఉంటే సరిపోదు.. అడ్రస్ చివర పేరు ఎవరిదో చూడాలి

అనకాపల్లిలో చాలా ఇళ్లలో బ్యాంకు పని ఇప్పుడు బ్యాంకులో జరగడం లేదు. అమ్మీ ఫోన్ తీసుకుని కాలేజీకి వెళ్లే కొడుకో కూతురో చేసిపెడుతున్నారు. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, స్కాలర్‌షిప్ ఫారం, హజ్ దరఖాస్తు అన్నీ ఆ ఒక్క ఫోన్లోనే. ఆ పిల్లలు ఏళ్లుగా వింటున్న జాగ్రత్త ఒకటుంది: "పైన తాళం గుర్తుందో లేదో చూసుకో. ఉంటే భయం లేదు."

ఈ మాట ఇప్పుడు రెండు రకాలుగా చెల్లకుండా పోయింది. తాళం ఉంటే భయం లేదన్నది ఎప్పుడూ పూర్తి నిజం కాదు. పైగా మన ఫోన్లలో ఎక్కువగా కనిపించే క్రోమ్ బ్రౌజర్ నుంచి ఆ తాళాన్నే తీసేశారు.

2023 సెప్టెంబర్‌లో వచ్చిన క్రోమ్ 117వ వెర్షన్‌తో ఈ మార్పు జరిగింది. అడ్రస్ పక్కన తాళం ఉండే చోట ఇప్పుడు రెండు చిన్న గీతలు, వాటి మీద చుక్కలు ఉన్న సెట్టింగుల గుర్తు కనిపిస్తుంది. ఐఫోన్‌లోని క్రోమ్‌లోనైతే ఆ గుర్తు కూడా లేదు. కారణం గూగుల్ దాచలేదు. తాళం అంటే అసలు అర్థం ఏమిటో జనానికి తెలుసా అని 2021లో ఆ సంస్థ చేసిన పరిశీలనలో సరిగ్గా చెప్పగలిగినవారు 11 శాతమే. మిగతావారిలో చాలామంది తాళం ఉంటే ఆ సైటు నమ్మకమైనదని అనుకున్నారు. నమ్మకం కోసం పెట్టని గుర్తును జనం నమ్మకంగా చదువుతుంటే, ఆ గుర్తు మోసగాళ్లకే పనికొస్తుంది. అందుకే తీసేశారు. కొన్ని వేరే బ్రౌజర్లలో మాత్రం తాళం ఇంకా ఉంది. దాంతో ఒకే ఇంట్లో ఒక ఫోన్లో తాళం కనిపిస్తుంది, ఇంకో ఫోన్లో కనిపించదు. "ఇందులో తాళం లేదు, ఇది దొంగ సైటేమో" అని అసలైన సైటునే వదిలేసేవారు కూడా ఉంటారు.

ఇంతకీ తాళం ఏం చెబుతుంది?

వెబ్ అడ్రస్ మొదట్లో హెచ్‌టీటీపీ అని ఉంటే, మన ఫోన్ నుంచి ఆ సైటుకు వెళ్లే ప్రతి అక్షరం పోస్టుకార్డు మీద రాసినట్టే. మధ్యలో ఉన్నవాళ్లు చదవొచ్చు, కావాలంటే మార్చనూవచ్చు. చివర ఎస్ చేరి హెచ్‌టీటీపీఎస్ అయితే అదే సమాచారం కవర్లో పెట్టి అంటించినట్టు. రైల్వే స్టేషన్లో ఉచిత వైఫై వాడినా, హోటల్లో వైఫై వాడినా, ఆ వైఫై నడిపేవారికి మీరు ఏ సైటుకు వెళ్లారో తెలిసే అవకాశం ఉంది కానీ, అక్కడ కొట్టిన పాస్‌వర్డ్, ఓటీపీ, కార్డు నెంబరు కనిపించవు. ఇది చిన్న విషయం కాదు. ఈ రక్షణ లేకపోతే ఫోన్లో డబ్బు పంపడమనేదే సాధ్యమయ్యేది కాదు.

కానీ రక్షణ దారికే. అనకాపల్లి మార్కెట్ నుంచి బెల్లం లారీ ఒడిశాకు బయలుదేరిందనుకోండి. టార్పాలిన్ కప్పి, తాళ్లు బిగించి, సీలు వేశారు. సీలు చెక్కుచెదరకుండా లారీ చేరింది. దారిలో ఒక్క దిమ్మ కూడా పోలేదని అర్థం. అయితే చేరింది ఎవరి గోదాముకి? షావుకారు పేరు పెట్టుకున్న దొంగ గోదాముకైతే సరుకు అంతా భద్రంగా, దిమ్మ కూడా పోకుండా, దొంగకే అందుతుంది. తాళం గుర్తు ఆ సీలు లాంటిది. అవతల కూర్చున్నది ఎవరో చెప్పడం దాని పని కాదు.

ఈ తేడా పదేళ్ల క్రితం అంత ముఖ్యం కాదు. అప్పట్లో సైటుకు తాళం రావాలంటే సర్టిఫికెట్ కొనాలి, ఏటా రెన్యువల్ చేయించాలి, ఖర్చుతో కూడిన పని. నాలుగు రోజులు నడిపి మూసేసే మోసం సైటుకు అంత ఖర్చు ఎవరు పెడతారు? కాబట్టి తాళం లేకపోవడం ఒక పనికొచ్చే గుర్తే. 2015 డిసెంబర్‌లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ సర్టిఫికెట్లను అందరికీ ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. కొన్ని నిమిషాల్లో కంప్యూటరే ఇచ్చేస్తుంది, మనిషి ప్రమేయం అక్కర్లేదు. దీనివల్ల మంచి జరిగింది. చిన్న స్కూలు, చిన్న షాపు, ఒక మస్జిద్ కమిటీ పెట్టుకున్న సైటు కూడా రూపాయి ఖర్చు లేకుండా భద్రమైన కనెక్షన్ ఇవ్వగలుగుతున్నాయి. 2018 జూలై నుంచి క్రోమ్ కూడా హెచ్‌టీటీపీ సైట్లన్నిటి పక్కనా 'నాట్ సెక్యూర్' అని రాయడం మొదలుపెట్టడంతో అందరూ తాళం వైపు మళ్లారు.

అందరూ అంటే మోసగాళ్లు కూడా. 2018 మూడో త్రైమాసికంలో దొరికిన ఫిషింగ్ సైట్లలో, అంటే బ్యాంకు పేరుతోనో కంపెనీ పేరుతోనో వివరాలు దొంగిలించే నకిలీ సైట్లలో, 49 శాతానికి తాళం ఉందని ఫిష్‌ల్యాబ్స్ అనే సంస్థ లెక్క తేల్చింది. అంతకు ఏడాది ముందు అది పావు వంతే. 2020 చివరికి యాంటీ ఫిషింగ్ వర్కింగ్ గ్రూప్ నివేదికలో ఆ సంఖ్య 84 శాతానికి చేరింది. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2019 జూన్‌లోనే తాళం గుర్తు చూసి నమ్మొద్దని ప్రజలకు హెచ్చరిక జారీ చేసింది. మన దగ్గర మాత్రం "తాళం చూడండి" అనే పాత జాగ్రత్త ఇప్పటికీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది.

సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు సైటు యజమాని ఎవరో చూడరా అనే అనుమానం రావొచ్చు. మామూలు సర్టిఫికెట్‌కు చూడరు. ఫలానా అడ్రస్ నీ చేతిలోనే ఉందా అన్నదొక్కటే చూస్తారు. నువ్వు ఎవరు, లైసెన్సు ఉందా, కంపెనీ రిజిస్టర్ అయిందా అని అడగరు. కంపెనీ కాగితాలు తనిఖీ చేసి ఇచ్చే ఖరీదైన రకం కూడా ఉంది. ఒకప్పుడు అలాంటి సైటు తెరిస్తే అడ్రస్ బార్‌లో ఆకుపచ్చ రంగులో కంపెనీ పేరు కనిపించేది. జనం దాన్ని పట్టించుకోవడం లేదని 2019లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఆ పేరును అడ్రస్ బార్ నుంచి తీసేశాయి. ఇప్పుడు చూడాలంటే గుర్తు మీద నొక్కి, 'కనెక్షన్ ఈజ్ సెక్యూర్' అన్న లైను నొక్కి, సర్టిఫికెట్ వివరాల్లోకి వెళ్లాలి. ఒకసారి చేసి చూడటం మంచిదే. కానీ అమ్మీ ప్రతిసారీ అది చేస్తుందనుకోవడం పొరపాటు.

సర్టిఫికెట్లు ఇచ్చే వ్యవస్థలోనే పొరపాటు జరిగితే? అది మన దేశంలోనే జరిగింది. ప్రభుత్వ వెబ్‌సైట్లను నడిపే నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, ఎన్ఐసీకి, ఒకప్పుడు సర్టిఫికెట్లు ఇచ్చే అధికారం ఉండేది. 2014 జూలైలో ఎన్ఐసీ పేరు మీద గూగుల్ అడ్రస్‌లకు సర్టిఫికెట్లు జారీ అయినట్టు గూగుల్ కనిపెట్టింది. గూగుల్ అడగలేదు, వాటి సంగతి గూగుల్‌కు తెలియదు. అలాంటి సర్టిఫికెట్ చేతిలో ఉన్నవాడు మధ్యలో కూర్చుని నకిలీ గూగుల్ పేజీ చూపించినా, విండోస్ కంప్యూటర్ దాన్ని అసలైనదిగానే ఒప్పుకుంటుంది, తాళం కూడా వేస్తుంది. ఎన్ఐసీ సర్టిఫికెట్ల మీద ఉండే కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ వెంటనే వాటిని రద్దు చేసింది. ఎన్ఐసీ జారీ ప్రక్రియలోకి ఎవరో చొరబడ్డారని తేలింది. ఇలాంటివి త్వరగా బయటపడేందుకు ఇప్పుడు జారీ అయ్యే ప్రతి సర్టిఫికెట్‌నూ బహిరంగ రిజిస్టర్లలో నమోదు చేయాలని క్రోమ్ 2018 నుంచి పట్టుబడుతోంది. ఇదంతా మామూలు కుటుంబానికి ఎదురయ్యే ప్రమాదం కాదు. ఇలాంటి సర్టిఫికెట్ సంపాదించడం చిల్లర మోసగాడి వల్ల అయ్యే పని కాదు. పైగా అతనికి అంత కష్టం అక్కర్లేదు. ఉచిత తాళం ఉండగా దొంగ తాళం ఎందుకు?

ఆ అవతలి గోదాము ఎలా ఉంటుందో అనకాపల్లి జిల్లా దగ్గరగానే చూసింది. 2025 మే నెలలో అచ్యుతాపురంలో నడుస్తున్న నకిలీ కాల్ సెంటర్‌ను జిల్లా పోలీసులు పట్టుకుని 33 మందిని అరెస్టు చేశారు. అమెరికాలో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి, అమెజాన్ నుంచి మాట్లాడుతున్నామని చెప్పి, గిఫ్ట్ కార్డుల రూపంలో డబ్బు గుంజేవారన్నది కేసు. నెలకు 15 నుంచి 20 కోట్ల రూపాయలు వచ్చేవని పోలీసులు చెప్పారు. వేల మైళ్ల అవతల ఆ ఫోన్ ఎత్తిన పెద్దావిడ కంప్యూటర్లో అమెజాన్ సైటు అసలైనదే, తాళమూ అసలైనదే. మోసం ఆ సైటు గుండా రాలేదు, గొంతు గుండా వచ్చింది. మోసం అంటే చీకటి గదిలో ఒంటరిగా కూర్చున్న హ్యాకర్ అని సినిమాలు నేర్పాయి. ఇక్కడ కనిపించింది వరుసగా కంప్యూటర్లు, హెడ్‌ఫోన్లు, ముందే నేర్పిన మాటలు. అచ్చం ఆఫీసు. ఆఫీసు పెట్టుకోగలిగినవారికి ఒక సైటు తయారుచేసి, దానికి ఉచితంగా తాళం వేయించడం ఎంతసేపు?

కాబట్టి చూడాల్సింది తాళాన్ని కాదు, పేరును. పేరు చదవడంలోనే అసలు చిక్కు ఉంది.

వెబ్ అడ్రస్‌ను మనం తెలుగులాగా ఎడమ నుంచి చదువుతాం. మొదట 'ఎస్‌బీఐ' కనిపించగానే మనసు కుదుటపడుతుంది. కానీ అడ్రస్‌లో యజమాని పేరు కుడివైపు ఉంటుంది. మొదట్లో వచ్చే రెండు గీతలను వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి ఒంటి అడ్డగీత దగ్గర ఆగాలి. అక్కడి నుంచి ఎడమ వైపుకు వెనక్కి రావాలి. ఉర్దూ చదివే చేతికి ఇది కొత్త కాదు. 'ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అని అక్కడ ఆగితే అది స్టేట్ బ్యాంకుది. 'ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డాట్ కేవైసీ-అప్‌డేట్ డాట్ కామ్' అని ఉంటే అది కేవైసీ-అప్‌డేట్ అనే పేరు కొనుక్కున్న ఎవరిదో. ముందున్న ఎస్‌బీఐ, బ్యాంక్, ఇన్ అన్నీ అతను తన ఇంటి గుమ్మానికి తానే తగిలించుకున్న బోర్డులు. ఆ సైటుకూ తాళం ఉంటుంది. ఫోన్ స్క్రీన్ చిన్నది కాబట్టి పొడవాటి అడ్రస్ పూర్తిగా కనబడదు. అడ్రస్ మీద నొక్కి, చివరిదాకా జరిపి చూడాలి.

ఈ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' ఈ మధ్య వచ్చినదే. 2025 ఫిబ్రవరి 7న రిజర్వ్ బ్యాంకు గవర్నర్ సంజయ్ మల్హోత్రా ప్రకటించారు. బ్యాంకులన్నీ అదే ఏడాది అక్టోబర్ 31లోగా ఈ పేరుకు మారాలని ఆదేశం. ఈ పేర్లను ఎవరికి పడితే వారికి ఇవ్వరు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉన్న రిజర్వ్ బ్యాంకు సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కటే, బ్యాంకో కాదో చూసి ఇస్తుంది. తాళం గుర్తు చేయలేని పని ఇక్కడ జరిగింది. సర్టిఫికెట్ కంప్యూటర్ ఇస్తుంది, ఈ పేరు మాత్రం కాగితాలు చూసిన మనిషి ఇస్తాడు. ఇన్నేళ్లు ఒక్కో బ్యాంకు ఒక్కో రకంగా పేరు పెట్టుకుని, ఏది అసలో తేల్చుకోవాల్సిన భారం ఖాతాదారు మీద వేసింది. ఆ భారంలో కొంత ఇప్పటికి వెనక్కి తీసుకున్నారు. ఆలస్యమైనా సరైన పని.

ప్రభుత్వ సైట్లకు ఇలాంటి కంచె ముందునుంచే ఉంది. 'డాట్ గవ్ డాట్ ఇన్' ప్రైవేటు వారికి దొరకదు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్, హజ్ కమిటీ ఆఫ్ ఇండియా సైటు రెండూ దానితోనే ముగుస్తాయి. వక్ఫ్ ఆస్తుల వివరాలు ఎక్కించేందుకు 2025 జూన్ 6న కేంద్రం తెచ్చిన ఉమీద్ పోర్టల్ అడ్రస్ 'ఉమీద్ డాట్ మైనారిటీఅఫైర్స్ డాట్ గవ్ డాట్ ఇన్'. కుడి నుంచి చదివితే భారత్, ప్రభుత్వం, మైనారిటీ వ్యవహారాల శాఖ, ఉమీద్ అని వరుసగా వస్తుంది. ముతవల్లీలు మస్జిద్, ఖబ్రస్తాన్ భూముల కాగితాలు పెట్టే చోటు కాబట్టి ఇక్కడ ఈ వరుస తప్పితే పోయేది డబ్బు ఒక్కటే కాదు.

హజ్ ప్రైవేటు టూర్ల విషయం వేరు. వారి సైట్లు 'డాట్ కామ్'తోనో 'డాట్ ఇన్'తోనో ఉంటాయి, అది తప్పు కాదు. అయితే అక్కడ తాళం గానీ, పేరు గానీ, కాబా ఫొటో గానీ లైసెన్సు ఉందని చెప్పవు. హజ్‌కు తీసుకెళ్లే అనుమతి ఉన్న హజ్ గ్రూప్ ఆర్గనైజర్ల జాబితాను కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ ప్రకటిస్తుంది. అడ్వాన్స్ కట్టే ముందు చూడాల్సింది ఆ జాబితాను. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బుకు అరగంట వెతుకులాట ఎక్కువేం కాదు.

తాళం గురించి ఇంత చెప్పాక, అది లేకపోయినా పర్వాలేదని ఎవరైనా అనుకుంటే ప్రమాదం. 'నాట్ సెక్యూర్' అని కనిపిస్తే అక్కడ పాస్‌వర్డ్, ఆధార్, ఓటీపీ ఏదీ కొట్టకూడదు. 'యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్' అని పేజీ నిండా హెచ్చరిక వస్తే ఇంకా గట్టిగా ఆగాలి. నెట్ సెంటర్లలో దీనికి ఒక అలవాటు పడిపోయింది. 'అడ్వాన్స్‌డ్' నొక్కు, 'ప్రొసీడ్' నొక్కు, పని అయిపోతుంది. ఈ అలవాటు నేర్పినవారిలో ప్రభుత్వ సైట్లూ ఉన్నాయి. గడువు తీరిన సర్టిఫికెట్‌తో సైటు నడుపుతూ, చివరి తేదీ దగ్గర పెట్టి, జనం ఆ హెచ్చరికను దాటుకుని రావాల్సిన పరిస్థితి తెచ్చినవి అవే. చాలాసార్లు ఈ హెచ్చరికకు కారణం ఫోన్లో తేదీ తప్పుగా ఉండటం. తేదీ సరిచేస్తే పోతుంది. సరిచేసినా పోకపోతే ఆ సైటులో ఆ రోజు పని చేసుకోకపోవడమే మేలు. నెట్ సెంటర్ కంప్యూటర్లో ఇంకో సంగతి: తాళం దారిని కాపాడుతుంది, కంప్యూటర్‌ను కాపాడదు. అందులో సేవ్ అయిపోయిన పాస్‌వర్డ్ తర్వాత వచ్చి కూర్చునేవారికి దొరుకుతుంది.

ఇక అసలు అడ్రస్ బారే లేని మోసాలున్నాయి. వాట్సాప్‌లో పెళ్లి కార్డు, ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ అంటూ వచ్చే ఏపీకే ఫైళ్లు బ్రౌజర్‌లో తెరుచుకోవు, నేరుగా ఫోన్లోకి దిగుతాయి. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన నొక్కితే ఆ యాప్ లోపలే పేజీ తెరుచుకుంటుంది, అడ్రస్ సరిగ్గా కనపడదు. కొనాలనిపిస్తే బయటకు వచ్చి, బ్రౌజర్‌లో ఆ పేరు మనమే కొట్టి వెళ్లాలి.

మోసపోయాక "తాళం ఉంది కదా అని నమ్మాను" అంటే బ్యాంకు ఒప్పుకుంటుందా? రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ దీనికి జవాబు చెబుతుంది. తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాకుండా వేరే ఎక్కడో జరిగి, మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారు ఒక్క రూపాయి నష్టపోనక్కర్లేదు. కానీ తన వివరాలు తానే ఇచ్చి నష్టపోతే, బ్యాంకుకు చెప్పేవరకు పోయినదంతా అతనిదే. నకిలీ పేజీలో ఓటీపీ కొడితే బ్యాంకులు సాధారణంగా ఈ రెండో లెక్కలోనే వేస్తాయి. అదే సర్క్యులర్‌లో ఖాతాదారుకు అనుకూలమైన మాట కూడా ఉంది: బ్యాంకుకు చెప్పిన తర్వాత పోయిన డబ్బు బ్యాంకుది. అంటే నష్టం ఎవరిదన్నది ఫిర్యాదు చేసిన నిమిషం మీద ఆధారపడి ఉంది.

ఇళ్లలో ఆలస్యం అయ్యేది ఇక్కడే. ఫోన్ నొక్కిన అమ్మాయి అబ్బాకు చెప్పడానికి భయపడుతుంది. అబ్బా చుట్టుపక్కల తెలిస్తే పరువు పోతుందని రేపు చూద్దామంటాడు. ఈలోగా డబ్బు మూడు నాలుగు ఖాతాలు మారిపోతుంది. 1930 నెంబరు రాత్రి కూడా పనిచేస్తుంది. ఫిర్యాదు అందగానే డబ్బు చేరిన ఖాతాను ఆపమని సంబంధిత బ్యాంకుకు సమాచారం వెళ్తుంది, అప్పటికి అందులో ఎంత మిగిలి ఉంటే అంత ఆగుతుంది. లావాదేవీ నెంబరు, తేదీ, సమయం, మొత్తం దగ్గర పెట్టుకుని చేయాలి. బ్యాంకుకు విడిగా చెప్పి ఫిర్యాదు నెంబరు తీసుకోవాలి. కేంద్ర సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా రాతపూర్వకంగా పెట్టొచ్చు. దాని అడ్రస్ 'సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్'. గూగుల్‌లో వెతికి మొదట కనిపించిన లింకు నొక్కకుండా, ఆ అడ్రస్‌ను నేరుగా కొట్టి వెళ్లాలి.